తొమ్మిదో ఖాళీ తూటా

నా దరిద్రం ఎలాంటిదో ముందు చెబుతాను. పాత మిలటరీ రైఫిళ్లు అమెరికాలో వంద డాలర్లకు దొరికే రోజుల్లో నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నాను. ఏవో దేశాల గోదాముల్లో యాభై ఏళ్లుగా మూలుగుతున్న సరుకు పెట్టెలకు పెట్టెలు దిగేది. ఒక్కో రైఫిలూ గ్రీజులో మునిగి, కాగితం చుట్టి ఉండేది. ఆ వీసా మీద ఉన్నవాడికి వేట లైసెన్సు లేనిదే తుపాకి అమ్మకూడదు. సరే, గ్రీన్ కార్డు రానీ అని పదకొండేళ్లు క్యూలో నిలబడ్డాను. కార్డు చేతికొచ్చేసరికి అవే రైఫిళ్ల ధర నాలుగు రెట్లయింది. వేట లైసెన్సు పాతిక డాలర్లకే ఇస్తారని ఆ తర్వాత తెలిసింది.

అయినా నోరు మూసుకుని ఒకటి కొన్నాను. ఇండియాలో, ఇషాపూర్‌లో తయారైనది. ఇక్కడి దుకాణాల్లో దాన్ని అడిగేవాడు తక్కువ, అందుకే కాస్త చవక. మన పోలీసులు భుజాన మోసిన త్రీ నాట్ త్రీకి స్వయానా తమ్ముడు. పేల్చిన ప్రతిసారీ పిడి పట్టుకుని వెనక్కి లాగాలి, ఖాళీ తూటా ఎగిరి పక్కన పడుతుంది. ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. అంతకంటే మర్మం ఏమీ లేదు. నా భార్య శాంతి మాత్రం గరాజ్‌లో ఇనప్పెట్టె కొనిపించి, దాని తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి దగ్గరి షూటింగ్ రేంజిల్లో గంటకు ఇంతని తీసుకుంటారు. పాత మిలటరీ తూటాలు లోపలికి రానివ్వరు. పాతిక గజాల దూరంలో కాగితానికి చిల్లు పెట్టి ఇంటికి పోవాలి. అసలైన రేంజి ఉత్తరాన గంట ప్రయాణం. పొలాల మధ్య ఒక క్లబ్బు. వంద గజాలు, రెండొందల గజాలు, మొదటి శనివారం పాత రైఫిళ్ల పోటీ. అందులో సభ్యత్వం కోసం రెండేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. వచ్చాక కూడా మొదటి ఏడాది పరీక్షా కాలం. ఆ ఏడాదిలో నేను గానీ, నేను తీసుకెళ్లిన అతిథి గానీ ఒక్క తప్పు చేస్తే సభ్యత్వం రద్దు. నాకు ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉండగా మా మామగారిని తీసుకెళ్లాను.

మామగారి పేరు సూర్యప్రకాశరావు. అరవై ఎనిమిదేళ్లు. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. అందులో పద్దెనిమిదేళ్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్ ఇన్‌ఛార్జి, అంటే పోలీసు ఆయుధాల కొట్టుకు కాపలాదారు. అత్తయ్య పోయాక, అప్పటికి సిటిజన్ అయిన శాంతి ఆయన్ని గ్రీన్ కార్డు మీద రప్పించుకుంది. వచ్చి రెండేళ్లయినా ఈ ఇల్లు ఆయనకు డ్యూటీయే. తెల్లవారుజామున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చుంటారు. డిష్‌వాషర్‌లోంచి తీసిన చెంచాలు లెక్కపెడతారు. ఒకటి తగ్గితే చెత్తబుట్ట తిరగేస్తారు. ఒకసారి ఆఫీస్ మీటింగ్ మధ్యలో నా గది తలుపు కొట్టి, గరిటె కనిపించడం లేదని చెప్పారు. నా లంచ్ డబ్బాలో దొరికింది. అది ఇచ్చేదాకా ఆయన కదలలేదు.

ఒక రోజు తుడవడానికి రైఫిలు ఇనప్పెట్టెలోంచి తీసినప్పుడు ఆయన దాన్ని అందుకున్న తీరు చూశాను. పిడి లాగి, లోపల వేలు పెట్టి ఖాళీగా ఉందని చూసుకుని, నంబరు పైకి చదివారు. తర్వాత అడిగారు.

"ఎక్కడ కాలుస్తారు బాబూ?"

రెండేళ్లలో ఆయన తనంతట తాను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకూ ముచ్చటేసింది. ఆ ముచ్చటే నా కొంప ముంచింది.

శనివారం పొద్దున క్లబ్బులో డేల్ అనే ఆయన నియమాలు చదివాడు. రేంజి ఆఫీసరూ ఆయనే, క్లబ్బు సెక్రటరీ కూడా. కాల్పులు జరుగుతుండగా నేల మీద పసుపు గీత ఎవరూ దాటకూడదు. కింద ఏది పడ్డా సరే, కాల్పులు ఆగాకే తీసుకోవాలి. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. "తెలుసు బాబూ, మనకీ ఉండేది" అన్నారు మామగారు.

మనిషికి పది గుండ్లు. ఆయన పడుకున్న తీరు, మోచేతులు ఆన్చిన తీరు చూసి పక్క వరసలోవాళ్లు కూడా తలలు తిప్పారు. మొదటి గుండు, రెండోది, మూడోది. తొందర లేదు. పేల్చిన ప్రతిసారీ ఖాళీ తూటా ఏరి చొక్కా జేబులో వేసుకుంటున్నారు. నేను దుర్భిణిలో చూస్తున్నాను. ఎనిమిది చిల్లులు నా అరచేయంత జాగాలో ఉన్నాయి. గర్వం వచ్చిందని ఒప్పుకుంటాను.

తొమ్మిదో ఖాళీ తూటా పక్కనున్న కొయ్యస్తంభానికి తగిలి గీత అవతలికి దొర్లింది. ఆయన రైఫిలు పిడి తెరిచి కింద పెట్టారు. లేచారు. అటూ ఇటూ తుపాకులు పేలుతుండగా గీత దాటి రెండడుగులు వేసి, వంగి దాన్ని తీసుకున్నారు.

డేల్ అరిచిన అరుపుకు రేంజి మొత్తం ఆగిపోయింది. ఇరవై మంది మమ్మల్నే చూస్తున్నారు. మామగారు మాత్రం జేబులోని తూటాలు తీసి లెక్కపెట్టుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. డేల్ గేటు వైపు చేయి చూపించాడు, అంతే.

కార్‌లో గంటసేపు నేనే మాట్లాడాను. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను కదా అన్నాను. బులెట్ తగిలుంటే శాంతికి ఏం చెప్పేవాణ్ణి అన్నాను. ఇత్తడి ముక్క కోసమా అన్నాను. ఆయన సీట్‌బెల్టు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఇల్లు చేరాక తొమ్మిది ఖాళీలూ, పేల్చకుండా మిగిలిన పదో తూటా నా చేతిలో పెట్టి, "సరిపోయేయి చూసుకోండి" అన్నారు. నేను వాటిని గరాజ్‌లో బల్ల మీదికి విసిరేశాను.

సోమవారం డేల్ ఫోన్ చేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంటుందని, ఆ రోజు నాలుగింటిలోపు మామగారి సంతకంతో సంజాయిషీ పంపమని చెప్పాడు. చెప్పి, దారి కూడా చూపించాడు. పెద్దాయనకు చెవుల మీది మఫ్స్ వల్ల ఏమీ వినపడలేదని, కాల్పులు ఆగాయనుకున్నారని రాస్తే, హెచ్చరికతో సరిపెట్టొచ్చట. ముసలివాళ్ల విషయంలో ఇంతకుముందూ అలా చేశారట.

ఆ రాత్రే నాలుగు వాక్యాలు టైపు చేశాను. వినికిడి తక్కువ. ఇంగ్లీషు అంతగా రాదు. కాల్పులు ఆగాయని పొరపాటు పడ్డారు. ఇకముందు జరగదు. ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాను, సంతకం పెట్టమని. మంగళవారం గడిచింది, పెట్టలేదు. బుధవారం నేను ఇంటి నుంచే పని. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు కాగితం ఆయన కంచం పక్కన పెట్టి, పైన పెన్ను పెట్టాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని చదివారు.

"నాకు చెవులు బాగానే వినబడతాయండి."

"తెలుసు మామయ్యగారూ. ఊరికే, ఫార్మాలిటీ."

"వాళ్లు కాలుస్తన్నారని తెలిసే దాటేను."

"ఆ సంగతి నాకూ మీకూ తెలిస్తే చాలు. సైన్ చేసేయండి, రెండున్నరకి నాకు కాల్ ఉంది."

"సంతకం పెట్టలేను బాబూ."

ఇక నా వల్ల కాలేదు. రెండేళ్లు వెయిట్ చేశానన్నాను. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ నెలకొక శనివారమే అన్నాను. ఆఫీసులో ఎవడెవడి తప్పులకో రోజూ సారీ మెయిళ్లు రాస్తాను, నా కోసం మీరు ఒక్క కాగితం మీద గీత గీయలేరా అన్నాను. నోటికి అడ్డు లేకుండా పోయింది.

"ఒక్క ఎంప్టీ పోతే ఏమవుతుందండీ? ఎవడైనా చచ్చాడా దానికోసం?"

"చావలేదు," అన్నారు. "ఉజ్జోగం పోయింది."

"మీ ఉద్యోగం పోలేదుగా."

"నాది కాదు. నూకరాజుది."

కంచం పక్కకు జరిపి, చేతులు బల్ల మీద పెట్టుకుని చెప్పారు. రిపోర్టు చదువుతున్నట్టే చెప్పారు, ఎక్కడా తడబడలేదు.

తొంభై ఆరులో, ఏటా ఉండే కాల్పుల ప్రాక్టీసు జరిగింది. ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖాళీలు తిరిగి కొట్టులో జమ కావాలి. ఆ రోజు ఒకటి తగ్గింది, అంటే పేల్చని తూటా ఒకటి బయటికి పోయినట్టే లెక్క. అడవిలోవాళ్లకు పోలీసుల నుంచే సరుకు అందుతోందని అనుమానాలు నడుస్తున్న కాలం అది. రెండు రోజులు ఇసుక జల్లెడ పట్టించారు. దొరకలేదు. పైఅధికారి ఈయన్ని పిలిచి, సాయంత్రానికల్లా ఎవరిదో ఒక పేరుతో రిపోర్టు కావాలన్నాడు. నాలుగో వరసలో కాల్చిన కానిస్టేబుల్ నూకరాజుకు తాగుడు అలవాటుంది, అప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. ఖాళీలు అప్పగించేటప్పుడు అతని తీరు అనుమానాస్పదంగా ఉందని ఈయన రాసి సంతకం పెట్టారు.

"అనుమానం నిజంగా ఉందా మీకు?"

"లేదు. ఆడు పదీ తెచ్చి నా చేతిలోనే పోసేడు."

నూకరాజును సస్పెండ్ చేశారు. ఎంక్వైరీ జరిగింది. ఏడు నెలలకు ఉద్యోగం తీసేశారు. మరుసటి ఏడాది ప్రాక్టీసుకు నేల మీద పరిచే తార్పాలిన్లు ఈయనే కొట్టులోంచి తీసి విప్పుతుంటే, ఒకదాని అంచు కుట్టులోంచి ఖాళీ తూటా జారి కాళ్ల దగ్గర పడింది.

"ఏం చేశారు దాన్ని?" అన్నాను.

"క్వార్టర్స్ వెనక నుయ్యి ఉండేది. అందులో వేసేను."

"ఎవరికీ చెప్పలేదా? అత్తయ్యగారికి కూడా?"

"మరి చెప్తే నాదీ పోయేది కదండి. శాంతి అప్పుడు తొమ్మిదో క్లాసు." కాగితాన్ని నా వైపు జరిపారు. "నూకరాజు లారీ మీద క్లీనరుగా ఎళ్లేడని విన్నాను. తరవాత ఏటయ్యేడో ఎవర్నీ అడగలేదు. అబద్ధం రిపోర్టు ఒకటి రాసేను బాబూ. రెండోది రాయలేను. మీరు నిజం రాయండి, పెడతాను."

"నిజమంటే? తూటా కోసం తెలిసే దాటారనా?"

"ఎందుకు దాటేనో అదంతా. నూకరాజుది కూడా."

ఇది గన్ క్లబ్బు, కోర్టు కాదన్నాను. వాళ్లకు నూకరాజు ఎవరో అక్కర్లేదన్నాను. ఆయన వినలేదు. ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి అన్నారు, రెండుసార్లు.

గొప్ప మనసుతో రాశానని ఎవరూ అనుకోవద్దు. టైము మూడున్నర, కాల్ కూడా ఎగ్గొట్టాను, ఇంకే కాగితం మీదా ఆయన సంతకం పెట్టేలా లేరు. పళ్లు నూరుకుంటూ ఒక పేజీ ఇంగ్లీషులో కొట్టాను. ఆయన నా వెనక నిలబడి చదివి నూకరాజు బెల్టు నంబరు చేర్పించారు. 1382. తారీఖు సరిచేయించారు. ప్రింటు తీస్తే కింద సంతకం పెట్టి, హెడ్ కానిస్టేబుల్, రిటైర్డ్ అని రాశారు. నాలుగుకు మూడు నిమిషాలు ఉండగా స్కాన్ చేసి పంపాను.

జవాబు శుక్రవారం వచ్చింది. మూడు లైన్లు. సంజాయిషీ అందింది. అతిథి తెలిసే గీత దాటినట్టు అంగీకరించినందున సభ్యత్వం రద్దు. గేటు కార్డు పోస్టులో తిప్పి పంపగలరు. కింద డేల్ పేరు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల వెయిటింగ్, ఎనిమిది నెలల పరీక్షా కాలం, అన్నీ బూడిదలో పోసినట్టయింది. ఇప్పుడు ఆ రైఫిలు పట్టుకుని పాతిక గజాల గదిలోకి పోవాలి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి భోజనం చేస్తున్న మామగారి ముందు పెట్టాను, చూడండి మీ నిజం ఏం చేసిందో అన్నట్టు.

ఆయన మూడు లైన్లూ నెమ్మదిగా చదివారు. స్క్రీన్ కిందికి జరపమన్నారు. కింద ఏమీ లేదు.

"మనం రాసింది మొత్తం చదివేరా బాబూ?"

"చదివే ఉంటారు."

"నూకరాజు గురించి ఏటన్నారు?"

"ఏమీ అనలేదు మామయ్యగారూ."

"ఏమీ అనలేదా," అన్నారు. మళ్లీ పైనుంచి చదివారు. కంచంలో చేయి అలాగే ఉంది. అన్నం కలపలేదు.

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన దేనికోసం చూస్తున్నారో. ఆ వారమంతా ఆయన్ని అనడానికి నా నోటిదాకా ఎన్నో మాటలు వచ్చాయి. అన్నీ నా శనివారాల గురించే. ఆయనకు కావలసిన మాట మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు. అల్లుడు మామగారితో అనే మాట కూడా కాదది. అయినా ల్యాప్‌టాప్ మూసి, ఎదురుగా కూర్చుని అన్నాను.

"నూకరాజు విషయంలో మీరు చాలా తప్పు చేశారు మామయ్యగారూ."

"అవును బాబూ," అన్నారు ఆయన. అని, అన్నం కలుపుకున్నారు.