కూర్చోనన్న టైపిస్టు

ఆ కోర్టు హాల్లో నోరు విప్పాలంటే ఎవరైనా నిలబడాల్సిందే. లాయర్లు నిలబడి వాదిస్తారు, సాక్షులు బోనులో నిలబడి చెబుతారు, ముద్దాయి సంగతి సరేసరి. జడ్జిగారు కాకుండా పొద్దస్తమానం కూర్చునే భాగ్యం ఒక్క టైపిస్టుకే ఉంది. "నీకేమమ్మా, కుర్చీలో మహారాణివి" అంటాడు బంట్రోతు రోజూ. ఆ కుర్చీని చూస్తేనే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం మూడు దాటాక కదలకుండా కూర్చుంటే చాలు, మోకాళ్ళ కింద మొదలవుతుంది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, దురదా కాదు. ఎముకల లోపల చీమలు బారులు తీరినట్టుంటుంది. కాలు కదిపితే ఆగుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. రాత్రి పక్కమీద వాలితే ఇక చెప్పనక్కర్లేదు. వంటింటి నుంచి వీధి తలుపు దాకా పద్దెనిమిది అడుగులు. ఆరేళ్ళుగా ఆ దారిలో ఆవిడ నడిచిన నడకంతా కలిపితే ఈపాటికి ఏ దేశం పొలిమేరో దాటి ఉండేది. మొగుడు మొదట్లో జాలిపడ్డాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత దిండు చంకన పెట్టుకుని ముందుగదిలోకి మకాం మార్చాడు. "కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటే? కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రం" అని అత్తగారి సణుగుడు. ఇంటికి దరిద్రమేమీ పట్టలేదు గాని, కోడలి కళ్ళకింద నలుపు మాత్రం పట్టింది.

"మనసు ప్రశాంతంగా ఉంచుకోమ్మా" అన్నాడు మొదట చూపించుకున్న డాక్టరు.

"మనసు బాగానే ఉందండీ, కాళ్ళే మాట వినడం లేదు" అంది ఆవిడ. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూశాక ఆవిడ ఇంకెవరికీ చెప్పుకోలేదు.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. రక్తం తీయించి, ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటాయని చెప్పింది. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని జబ్బుకు పేరు పెట్టింది. మాత్రలు రాసి, సాయంత్రం కాఫీ మానమంది, గుణం కనిపించడానికి నెలలు పట్టొచ్చంది, అంతదాకా ఎక్కువసేపు కదలకుండా కూర్చోవద్దంది. తనది వేషం కాదు రోగమేనని ఒకరు కాగితం మీద రాసిచ్చినందుకు టైపిస్టు ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేసింది.

ఆ నెలలు గడవకముందే కొంప మునిగింది. ఒక గోడ తగాదాలో సాక్షి చెబుతుండగా టైపు మిషను ముందే ఆవిడకు కన్ను మూతపడింది. జడ్జిగారు చదివి వినిపించమంటే మూడు జవాబులు గల్లంతు. పందొమ్మిదేళ్ళుగా తప్పన్నది ఎరగని చెయ్యి అది. మర్నాటికల్లా మెమో వచ్చిపడింది. విధుల్లో నిద్రపోయినందుకు సంజాయిషీ ఇవ్వాలి, అది నచ్చకపోతే రికార్డు రూముకు బదిలీ. రికార్డు రూమంటే నేలమాళిగలో కూర్చుని పాత ఫైళ్ళకు రోజంతా నంబర్లు వెయ్యడం. అందులోనూ కూర్చుని!

"తప్పయిందని రాసిచ్చి దిగిపో అమ్మా. అక్కడ నిద్రపోయినా అడిగే నాథుడుండడు" అన్నాడు హెడ్ గుమాస్తా, పుణ్యానికి చెబుతున్నట్టు.

మొగుడి సలహా ఇంకో రకం. "తలనొప్పి వచ్చిందని రాసెయ్యవే. కాళ్ళ జబ్బంటే నవ్విపోతారు."

"నవ్విపోతారనేగా ఆరేళ్ళు దాచాను. దాచి ఏం బావుకున్నానండీ? చేతిలో ఉన్న పనే పోతోంది."

"మరేం చేస్తావు?"

"నిలబడతాను."

"ఉద్యోగమన్నాక కూర్చోమంటే కూర్చోవాలి" అంది అత్తగారు. దానికి జవాబు చెప్పాల్సిన చోటు వేరే ఉందనుకుంది కోడలు.

మర్నాడు గంట ముందే కోర్టుకు వెళ్ళి, వరండాలో రిజిస్టర్లు పెట్టే ఎత్తుబల్లను బంట్రోతు చేత హాల్లోకి లాగించింది. మిషను దానిమీదకు ఎక్కించి, కుర్చీని బయట పెట్టించింది. "ఇదెక్కడి గొడవమ్మా, నా పీకల మీదకు తెస్తావు" అంటూనే లాగాడు పాపం.

జడ్జిగారు వచ్చారు. అందరూ లేచారు, అందరూ కూర్చున్నారు. టైపిస్టు కూర్చోలేదు.

"కూర్చోండి" అన్నారు జడ్జిగారు.

"కూర్చోనండీ."

హెడ్ గుమాస్తా పరుగున వచ్చి, "అయ్యగారి ముందు అదేం మర్యాదమ్మా?" అని ఆవిడ చెవిలో బుసకొట్టాడు. చెవిలో అన్నదానికి ఆవిడ చెవిలో జవాబు చెప్పలేదు. గొంతు వణికినా హాలంతా వినపడేలా చెప్పింది.

"అయ్యా, నాకు కాళ్ళ జబ్బుంది. కదలకుండా కూర్చుంటే ప్రాణం తోడేస్తుంది. మొన్న నేనిక్కడ నిద్రపోయిన మాట నిజం, అది మెమోలో రాశారు. ఆరేళ్ళుగా రాత్రిళ్ళు నిద్రపోని మాట కూడా నిజమే, అది ఎక్కడా రాయలేదు. లాయరుగారు తమరి ముందు నిలబడితే మర్యాద, సాక్షి నిలబడితే మర్యాద. నేను నిలబడితే అమర్యాద ఎలా అవుతుందో తమరే చెప్పాలి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు నవ్వలేదు, మెత్తబడనూ లేదు.

"మీరలా అడ్డంగా ఉంటే నాకు సాక్షి మొహం కనపడదు."

"బల్ల ఇటు జరుపుతానండీ."

"పనిలో తేడా వస్తే?"

"ఒక్క మాట తప్పినా నా అంతట నేనే రికార్డు రూము మెట్లు దిగుతాను."

"సరే, సాక్షిని పిలవండి."

వచ్చిన సాక్షి మహా వాగుడుకాయ. ఒక్క గోడ గురించి అడిగితే వీధిలోని గోడలన్నిటి పుట్టుపూర్వోత్తరాలూ విప్పాడు. మూడింటికి చీమలు లేచాయి. ఆవిడ బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు మార్చింది, మడమలు ఎత్తి దించింది, ఉన్నచోటే అడుగులు వేసింది. వేళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. నిద్ర రెండుసార్లు దగ్గరదాకా వచ్చింది గాని, నడిచే మనిషిని పట్టుకోలేక వెళ్ళిపోయింది.

సాక్షి దిగాక, "చదవండి" అన్నారు జడ్జిగారు.

ఆవిడ మొదటి కాగితం తీసి చదవబోయి ఆగిపోయింది. పైనే ఉంది, "కూర్చోండి" అని. దాని కింద, "కూర్చోనండీ." పొద్దున తాను మాట్లాడుతున్నంతసేపూ చేతులు వాటి పాటికి అవి టైపు చేసుకుపోయాయి. జబ్బు, మెమో, నిద్రలేని ఆరేళ్ళు, అంతా అక్షరం పొల్లుపోకుండా పడింది.

ఆవిడ అక్కడి నుంచే చదివింది. ఈసారి గొంతు వణకలేదు. సాక్షి మాటలన్నీ చివరిదాకా చదివితే, రెండు పక్కల లాయర్లూ తప్పు పట్టడానికి ఏమీ దొరక్క తలూపారు.

జడ్జిగారు కలం తీశారు. "మొదటి పేరా కేసుకు సంబంధించింది కాదు. కొట్టేయమంటారా?"

"కొట్టేయండయ్యా. లేకపోతే రికార్డులో ఎప్పటికీ ఉండిపోతుంది" అన్నాడు హెడ్ గుమాస్తా కంగారుగా.

"ఉండిపోనివ్వండి" అంది టైపిస్టు. "ఆరేళ్ళకు నోరు విప్పాను. కొట్టేస్తే రేపు మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాలి."

జడ్జిగారు ఒక్క ముక్కా కొట్టేయకుండా ఆ కాగితం అడుగున సంతకం పెట్టారు.