ఒంటి ధ్రువం మాస్టారు

ఆ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఆయన్ని అందరూ ఒంటి ధ్రువం మాస్టారు అంటారు. రోజూ ఇంటికి రాగానే చొక్కా చేతులు మడిచి, కడ్డీ అయస్కాంతాన్ని ఎడమ కాలి కింద అదిమిపెట్టి రంపంతో కోస్తారు. కోసిన ప్రతి ముక్కకూ మళ్ళీ ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండూ పుట్టుకొస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు. అయస్కాంతం ముక్కలు నింపుకున్న ఆయన జేబులకు గుండుసూదులు, తాళంచెవులు, ఎదుటివాళ్ళ చెంచాలు అంటుకుని వచ్చేస్తుంటాయి కాబట్టి చుట్టాలు విందులకు పిలవడం మానేశారు. "ఉత్తరం ఒక్కటే ఉన్న ముక్క దొరికి తీరుతుందే. గురుత్వాకర్షణలోనూ అలాంటిది ఉండొచ్చట. అది దేన్నీ లాగదు, తన దారిన పోయేదాన్ని పక్కకి తిప్పేస్తుంది" అని భార్యకు చెబుతారు. "అయితే అది మీ అక్కయ్యగారే" అంటుందావిడ.

నిన్న సాయంత్రం ఒక ముక్కను ఏ వైపు తిప్పి పెట్టినా దిక్సూచి ముల్లు దానివైపు ఒకే కొన చూపించింది. మాస్టారు కేక పెట్టి, కళ్ళజోడు తీసి భోరుమన్నారు. భార్య పరుగున వచ్చి దిక్సూచిని గోటితో తట్టింది. తుప్పుపట్టి ఇరుక్కున్న ముల్లు గిర్రున తిరిగింది. ఆయన నేలమీద చతికిలబడ్డారు.

"దొరక్కపోతే మీ సొమ్మేం పోయింది?" అందావిడ.

"నాదేం పోదే. ఎక్కడో ఒక్కటైనా ఉండే ఉంటుంది. పాపం, దానికి జత ఎలాగూ లేదు. వెతికేవాళ్ళు కూడా లేకపోతే ఎలా?"

ఆవిడ చేతులు తుడుచుకుని, కొత్త కడ్డీ తీసి, కదలకుండా గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, కొయ్యండి."