చాటింపుకెక్కిన పేరు

బొంబాయి రోడ్డు మీద జహీరాబాద్ పొలిమేర దాటగానే ఎడమచేతి వైపు ఒక రేకుల కొట్టం ఉండేది. దానికి బోర్డు లేదు, పేరు లేదు. అయినా షోలాపూర్‌కూ హైదరాబాద్‌కూ మధ్య తిరిగే లారీ డ్రైవర్లలో దానిని ఎరుగనివారు తక్కువ. అక్కడ నాగవ్వ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పీట మీద కర్రతో వత్తిన రొట్టెలు కావవి; అరచేతులతో తట్టి తట్టి, పెనమంత వెడల్పుగా, తమలపాకంత పలుచగా సాగదీసినవి. పక్కన పుంటికూర పప్పు, వెల్లుల్లి కారం. భర్త కాలం చేసిన నాటి నుండి ఆమెకు ఇంత ముద్ద పెట్టినవి ఆ రెండు అరచేతులే.

"అక్కా, ఇంకొక రొట్టె ఎయ్యి," అని మాణిక్ అనే డ్రైవర్ అడిగితే, "నీకన్న నీ లారీ నయం. నిండినంక తాడన్న కడ్తరు," అనేది నాగవ్వ.

"లారీకి నీ అసొంటి అక్క లేదు కద," అనేవాడు మాణిక్, ఆ రొట్టె కూడా అందుకుంటూ.

డెబ్బై ఎనిమిదవ సంవత్సరపు వానకాలంలో ఒకనాడు పెనం అంచు తగిలి ఆమె ఎడమచేతి చిటికెన వేలు బొబ్బలెక్కింది. నొప్పి తెలియలేదు. చర్మం కాలిన వాసన వచ్చిన పిమ్మటనే ఆమె వేలివైపు చూసుకున్నది. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటి అప్పటికే చాలాకాలంగా ఉన్నది. దానిని గిచ్చి చూసుకున్నది. గిచ్చినట్టే లేదు.

ఆ రోజులలో కుష్ఠు నివారణ కార్యకర్త ఒకడు సైకిల్ మీద ఊరూరా తిరుగుతూ, నెలకొకసారి వాడకట్టు చావడిలో కూర్చుని గోలీలు ఇచ్చేవాడు. అతని పేరు ప్రకాశం. మనిషి మెత్తనివాడు. నాగవ్వ జనమంతా వెళ్ళిపోయేదాకా ఆగి, కొంగు తొలగించి, చేయి చూపింది. ప్రకాశం ఈకతో ఒకసారి, సూదిమొనతో ఒకసారి మచ్చను తాకి చూశాడు.

"ఇది గోలీలతో పోతదమ్మా. ఏమరకుండ మింగితే ఇంకొకరికి అంటదు, వేలు కూడ వంగదు. రొట్టెలు నిశ్చింతగ చేస్కో," అన్నాడు.

"ఎవరికన్న తెలిస్తే నా కొట్టంల పొయ్యి ఆరిపోతది సార్."

"నాకూ మా డాక్టరు సాబుకూ తప్ప మూడో చెవిన పడదు. నాది మాట."

ఆ మాటను పట్టుకొని నాగవ్వ ఏడాదికి పైగా తెల్లగోలీలు మింగింది. తోడబుట్టిన సిద్దప్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మచ్చ రంగు తేరుకున్నది. వేలు ఉన్నచోటనే నిలిచింది.

చెరకు కోతలు మొదలైతే రోడ్డు మీద లారీల వరుస తెగదు. పొయ్యి మీద పెనం దిగదు. ఆ యేడు కోతల కాలంలో నాగవ్వ చావడికి పోలేకపోయింది. మరి కొందరు రోగులు కూడా రాలేదు. ఇంతలో పై అధికారి తనిఖీకి వచ్చి, గోలీలు మిగిలిపోయినందుకు ప్రకాశాన్ని పదిమందిలో నిలదీసి, ఈసారి రోగులు హాజరు కాకుంటే ఉద్యోగం ఉండదని హెచ్చరించి పోయాడు.

ఆ ప్రాంతంలో సర్కారు పని ఏదైనా జనానికి తెలియజేయవలసి వస్తే డప్పుతో చాటించటం పాత ఆచారం. శిస్తు బకాయి పడ్డవారిని కూడా పేరుపెట్టి చాటించేవారు. సిగ్గుతోనైనా వచ్చి కడతారని. ప్రకాశానికి ఆపదలో ఆ ఆచారమే గుర్తుకు వచ్చింది. డప్పు నర్సింలును పిలిచి, పేర్లు చెప్పి, వీళ్ళంతా రేపు చావడికి గోలీలకు రావాలని చాటమన్నాడు. నర్సింలు తన పని తెలిసినవాడు. ఏ పని మీదనో చెప్పకుండా చాటితే ఎవరూ కదలరని, ఏం గోలీలని అడిగాడు. ప్రకాశం ఒక్క క్షణం తటపటాయించి, చెప్పాడు.

ఆ మునిమాపు నాగవ్వ పిండి తడుపుతూ ఉండగా డప్పు వినిపించింది. సంతపన్ను సంగతేమో అనుకున్నది. "రొట్టెల నాగవ్వ, పెద్దరోగం గోలీలకు రేపు పొద్దుగాల చావడికి రావాలహో," అన్న కేక కొట్టం ముందు నుండే సాగిపోయింది. బెంచీల మీద నలుగురు తింటున్నారు. ఒకడు నోటిలోని ముద్దను బయటికి పోయి ఉమ్మి వచ్చాడు. మిగిలినవారు పళ్ళెం ముందు చేతులు ముడుచుకొని కూర్చున్నారు. డబ్బులు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయారు.

తెల్లవారేసరికి ఆ మాట రోడ్డు పొడుగునా పాకింది. మాణిక్ లారీ కొట్టం దాటిపోయి, ఎదురు హోటల్ ముందు ఆగింది. కొంతసేపటికి అతనే నడిచి వచ్చి, గుమ్మం బయటనే నిలబడ్డాడు.

"నాకేం లేదక్కా. క్లీనర్ పోరడు వద్దంటున్నడు."

"క్లీనర్ మాట విననిదే లారీ నడుస్తదా మాణిక్. పో, చల్లారిపోతది తిండి," అన్నది నాగవ్వ.

ప్రకాశం వచ్చినప్పుడు పొయ్యి వెలిగి లేదు. తప్పు జరిగిందని, ఉద్యోగం పోతుందన్న భయంతో చేశానని, చేతులు జోడించాడు. నాగవ్వ ఆ చేతుల వైపు చూడలేదు. "నీ నౌకరి నిలిచింది గద సార్," అని మాత్రం అన్నది.

సిద్దప్ప ఊరుకోలేదు. అక్కను వెంటబెట్టుకొని మదన్‌మోహన్ వకీలు దగ్గరకు పోయాడు. వకీలు నడివయసు మనిషి. చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నాడు.

"వైద్య మండలికి ఫిర్యాదు చేద్దమంటే ప్రకాశం డాక్టరు కాడు, అతనిమీద వాళ్ళకు అధికారం లేదు. పై అధికారికి అర్జీ పెట్టుకుంటే బదిలీ చేస్తరు. దాంతోని నీ కొట్టానికి ఒక్క గిరాకీ కూడ తిరిగి రాదు. ఇంక పరువునష్టం దావా. సర్కారుకు ముందు నోటీసు ఇచ్చి, రెండు నెలలు ఆగి వెయ్యాలె. అయితే దాంట్ల ఒక చిక్కున్నది. చాటింది నిజమైతే పరువునష్టం కాదంటది చట్టం."

"అబద్ధమైతే?" అన్నాడు సిద్దప్ప.

వకీలు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "అప్పుడు దావా గట్టిది. అసలు రోగమే లేదనాలె. గోలీలు బంద్ చెయ్యాలె. చావడి దిక్కు పోతున్నట్టు ఎవరూ చూడొద్దు. అట్ల అనుమని నేను చెప్పను. అడిగినవు గనుక చెప్పిన."

"అక్కా, అట్లనే అందాం. రోగం లేదని తేలితే కొట్టం మళ్ళ నడుస్తది."

నాగవ్వ ఎడమచేతిని ఒడిలో నుండి తీసి బల్ల మీద పెట్టింది. "గోలీలు బంద్ చేస్తే ఈ వేళ్ళు పోతయి సిద్దప్పా. వేళ్ళు పోయినంక కొట్టం గెలిచి, రొట్టె దేంతోని తడ్త?" తరువాత వకీలు వైపు తిరిగింది. "సాబ్, నాకు రోగమున్నది. లేదని నేను అనను. ఆయన ఎవరికీ చెప్పనని మాట ఇచ్చిండు. నేను నమ్మి చెయ్యి చూపిన. ఆ మాట తప్పినందుకు చట్టంల ఏం లేదా?"

"నమ్మకభంగం కింద వెయ్యొచ్చు. మన దిక్కు ఎవరూ వేసినట్టు నాకు తెల్వదు. ఇంకొకటి విను. ఇటువంటి రోగులు తినే వస్తువులు అమ్మొద్దని పాత చట్టమొకటున్నది. అది ఇక్కడ నడుస్తదో నడవదో గాని, ఎదుటి వకీలు చదివి వినిపిస్తడు. నిండు కోర్టుల నీ రోగం నువ్వే ఒప్పుకోవలసి వస్తది. ఇప్పుడు ఈ వాడకే తెలుసు. రేపు తాలూకా అంతా తెలుస్తది."

"తెల్వనీ," అన్నది నాగవ్వ.

నోటీసు పోయింది. గడువు తీరింది. దావా దాఖలైంది. వాయిదాలు పడుతూ రెండేళ్ళు గడిచాయి. ఈలోగా రేకులు అమ్ముడుపోయి, కొట్టం ఉన్నచోట పంక్చర్ల దుకాణం వెలసింది. నాగవ్వ అల్లం కడిగే కళ్ళంలో కూలికి కుదిరింది. మట్టి కొట్టుకొని వచ్చే అల్లాన్ని ఎవరి చేతులు కడిగితేనేమని అక్కడివారు అభ్యంతరపెట్టలేదు.

విచారణ నాడు కోర్టు జవాను వరండాలోకి వచ్చి ఆమె పేరును గొంతెత్తి పిలిచాడు. బోనులో నిలబడిన నర్సింలు, "చెప్పమన్నదే చాటిన దొరా. ఏం గోలీలని అడిగిన, చెప్పిన్రు. నా డప్పు సొంతంగ ఏం మాట్లాడదు," అన్నాడు. కొందరు నవ్వారు. సర్కారు వకీలు పాత చట్టాన్ని చదివి వినిపించి, వాది తన రోగాన్ని దాచి ప్రజలకు తిండి అమ్మినదని వాదించాడు. మదన్‌మోహన్ లేచి, గోలీలు మింగుతున్న రోగి వలన ఇతరులకు ప్రమాదం లేదని చెప్పినది సర్కారు మనిషేనని అడ్డుతగిలాడు. జడ్జి నాగవ్వను అడిగాడు:

"నీకు ఈ వ్యాధి ఉన్నదని అంగీకరిస్తున్నావా?"

"ఉన్నది సార్."

ఆమె పక్కన బల్ల మీద కూర్చున్న ఇద్దరు లేచిపోయి గోడ వారగా నిలబడ్డారు.

తీర్పు కొద్ది రోజులలో వచ్చింది. పేర్లు చాటించటం అనుచితమని, అధికారులు ఇకముందు జాగ్రత్త వహించవలెనని అందులో ఉన్నది. అయితే చాటినది సత్యమని, ప్రజాహితం దృష్ట్యా సద్భావంతో జరిగినదని, కనుక నష్టపరిహారానికి వాది అర్హురాలు కాదని దావాను కొట్టివేశారు. పై కోర్టుకు పోదామన్నాడు వకీలు. ఫీజు వద్దన్నాడు కూడా. "అక్కడ కూడ పేరు పిలుస్తరు గద సాబ్," అని నాగవ్వ దండం పెట్టి వచ్చింది. ప్రకాశానికి కోహీర్ అవతలికి బదిలీ అయింది.

గోలీలు మాత్రం ఆమె మానలేదు. ఎనభై ఐదవ సంవత్సరంలో మనోరమ అనే కొత్త కార్యకర్త వచ్చి, చర్మం గీసి పరీక్షకు పంపించి, ఫలితం చూసి సంతోషంగా చెప్పింది.

"రోగం పూర్తిగ పోయింది నాగవ్వా. ఇంక గోలీలు అక్కరలేదు."

నాగవ్వ వేళ్ళను చాపి, ముడిచి, మళ్ళీ చాపింది. పది వేళ్ళూ మాట విన్నాయి.

"ఈ సంగతి ఊరికి ఎవరు చెప్తరు బిడ్డా?"

"ఎవరికీ చెప్పం. మీ కేసు తర్వాత ఉత్తర్వు వచ్చిందట. రోగి గురించి మంచైనా చెడైనా ఎవరికీ చెప్పొద్దు. చెప్తే మా ఉద్యోగాలు పోతయి."

"మంచిది," అన్నది నాగవ్వ. "పాటించున్రి."

ఆ పూటే ఆమె కళ్ళానికి తిరిగిపోయి అల్లం రాశి ముందు కూర్చున్నది. మధ్యాహ్నం ఆడవాళ్ళు సద్దిమూటలు విప్పారు. ఎవరూ ఏమీ అనకముందే నాగవ్వ తన మూట తీసుకొని గోడ పక్కకు జరిగింది.