స్ప్రింగ్ అంటే వసంతమే కదా

సముద్రం నా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, గడప దాటి, పొయ్యి దాకా చూసి వెళ్లిన సంగతి చెప్తాను. సముద్రాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అది తను రోజూ వచ్చే దారినే వచ్చింది. ఆ దారికి అడ్డంగా ఇల్లు ఆపుకుని, చిత్రాన్నం కలుపుకుని, కాళ్లు చాపుకుని పుస్తకం చదువుకుంటున్నది నేను.

ఇల్లు ఆపుకోవడమేమిటంటారా. నా ఇంటికి చక్రాలుండేవి. కరోనా మొదలైన ఏడు నేను ఐర్లండ్‌లో, డోనెగల్ జిల్లా లెటర్‌కెన్నీ దగ్గర, వృద్ధుల కేంద్రంలో కేరర్‌గా చేసేదాన్ని. సునీత అనే బందరు పిల్ల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. సునీత నర్సు. కడుపుతో ఉందని డ్యూటీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. భర్తదేమో ఇంట్లోంచి చేసుకునే కంప్యూటరు పని. అంటే ఆ ఇంట్లో రోజూ బయటికి పోయి, జబ్బు మనుషుల మధ్య తిరిగి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. మా కేంద్రంలో జబ్బు మొదలయ్యాక, రాత్రి నాకు దగ్గు వస్తే దిండు నోట్లో కుక్కుకునేదాన్ని. గోడకు అవతల పడుకున్నది కడుపుతో ఉన్న పిల్ల. ఇక లాభం లేదని ఒక పాత క్యాంపర్ వ్యాను కొని, అందులోకి మారిపోయాను. సునీత ఏడ్చింది. నేను మాత్రం పుస్తకాలు తెచ్చుకున్నాను.

ఇక్కడ నా చదువు గురించి కొంచెం గొప్పలు చెప్పుకోవాలి. బడి చదువు ఇంటరుతో ఆగింది. మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. వ్యాను పైన సోలార్ పలక ఎలా బిగించాలో, ఉన్న నీళ్లతో వారం ఎలా గడపాలో, కరెంటు తీగ లేని చోట చలికాలం ఎలా బతకాలో అన్నీ చదివి నేర్చుకున్నవే. నా బ్యాటరీ గురించి నేను చెప్పడం మొదలుపెడితే తోటి కేరర్లు ఎవరో పిలిచినట్టు లేచిపోయేవాళ్లు. సముద్రం గురించి కూడా ఒక లావుపాటి పుస్తకం చదివాను. మాది అనంతపురం. సముద్రమన్నది మాకు బడి గోడ మీది పటంలో నీలంరంగు. అందుకే ఆ పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. అందులో ఒక మాట ఉంది: మామూలు రోజుల్లో నీళ్లు ఇసుక మధ్య దాకా వచ్చి ఆగుతాయి, స్ప్రింగ్ టైడ్ అప్పుడు మాత్రం గడ్డి అంచు దాకా వస్తాయి.

టైడ్ అంటే పోటు, స్ప్రింగ్ అంటే వసంతం. వసంతంలో జాగ్రత్తగా ఉండాలన్నమాట. ఇంత తేలికైన విషయానికి ఇన్ని పేజీలెందుకో అనుకుని, మిగిలిన అధ్యాయం వదిలేసి చేపల దగ్గరికి వెళ్లిపోయాను.

సెప్టెంబరులో ఆంక్షలు కాస్త సడలినప్పుడు, సెలవు రోజున వ్యాను తీసుకుని పడమటి ఒడ్డుకు పోయాను. మిట్టమధ్యాహ్నం. సముద్రం ఎక్కడో ఆ చివర తళతళమంటోంది. మధ్యలో అంతా ఇసుకే. మా ఊరు మొత్తం తెచ్చి పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. మనిషి లేడు, మాస్కు అక్కర్లేదు. నెలల తర్వాత ఊపిరి నిండా పీల్చుకున్నాను. ఇసుక మధ్యలో తడి నాచు ఒక వరసగా పడి ఉంది, పైన గడ్డి అంచున ఎండిన నాచు ఇంకో వరస. చదువుకున్న కళ్లు కదా, చూడగానే అర్థమైపోయింది. కిందిది మామూలు రోజులది, పైది మొన్నటి వసంతానిది. రెంటికీ నడుమ, సముద్రం కనిపించేలా, తలుపు అటు తిప్పి వ్యాను ఆపాను.

కాసేపటికి ఒక పెద్దావిడ కుక్కతో నడుచుకుంటూ వచ్చి, పద్ధతి ప్రకారం దూరంగా నిలబడింది. పేరు నోరా అని, ఒడ్డు మీద కనిపించే తెల్ల ఇల్లు తనదేనని చెప్పింది. వాతావరణం గురించి ఇద్దరం మాట్లాడుకున్నాం. ఈ దేశంలో అది అయ్యాకే అసలు మాట.

"ఇవాళ స్ప్రింగ్ టైడ్. తెలుసు కదా" అంది.

నాకు ఆవిడ మీద జాలి వేసింది. వయసు మీద పడితే నెలలు కలిసిపోతాయి, మా కేంద్రంలో రోజూ చూస్తున్నదే. అలాంటివాళ్లను మెల్లగా దారిలోకి తేవాలని మాకు నేర్పారు.

"ఇది సెప్టెంబరు కదండీ" అన్నాను, పనిలో వాడే గొంతుతో.

ఆవిడ సముద్రం వైపు చూసింది. కుక్క నా వైపు చూసింది.

"అవును, సెప్టెంబరే" అంది చివరికి.

"వసంతం వెళ్లిపోయి చాలా రోజులైంది."

"వెళ్లిపోయింది పాపం."

"నేను పుస్తకంలో చదివాను, భయం లేదు."

"అలాగా. నేనైతే అక్కడ ఆపేదాన్ని కాదు, మరి. మీకు ధైర్యం ఎక్కువ" అని, కుక్కను తీసుకుని వెళ్లిపోయింది.

మెచ్చుకుందని పొంగిపోయాను. ఈ దేశపు మర్యాద సంగతి అప్పటికి నాకు తెలియదు. వీళ్లు ఎదుటిమనిషిని నీ మాట తప్పని అనరు. 'నేనైతే ఆపను' అంటే మన భాషలో 'ఒసే, చస్తావు, లేచి పరిగెత్తు' అని. 'ధైర్యం ఎక్కువ' అన్నది దానికంటే గట్టి మాట.

చిత్రాన్నం తిన్నాను. చదువుతూ చదువుతూ కునుకు తీశాను. లేచి చూస్తే తళతళలు దగ్గరికొచ్చాయి. అందంగానే ఉంది. ఇంకాసేపటికి కింది నాచు వరస కనిపించలేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, బహుశా సముద్రానిది. వ్యాను స్టార్ట్ చేసి గేరు వేశాను. చక్రం గిర్రున తిరిగింది, వ్యాను కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తొక్కాను. పిండిలో గరిటె దిగినట్టు వెనక చక్రాలు ఇసుకలోకి దిగిపోయాయి.

చదువుకున్నదాన్ని కాబట్టి పుస్తకం తీశాను. సముద్రానిది కాదు, క్యాంపర్ జీవితానిది. 'ఇసుకలో కూరుకుపోతే' అని ఒక భాగం ఉంది. మొదటి సలహా, కంగారు పడకండి. రెండోది, పోటు ఎప్పుడో ముందుగా తెలుసుకోండి. మూడోది చదివేలోపు మొదటి అల వచ్చి మెట్టు తడిపి వెళ్లింది. సరిగ్గా అప్పుడే సునీత ఫోను.

"అక్కా, ఎక్కడున్నావు? ఆ చప్పుడేంటి?"

"సముద్రం."

"ఎంత దూరంలో ఉంది?"

"మెట్టు దగ్గర."

"ఇవాళ పున్నమి కదక్కా. పున్నమికి సముద్రం పొంగుతుందని నీకెవరూ చెప్పలేదా?"

"అనంతపురంలో ఏం పొంగుతుందే? చెరువే నిండదు."

"మరి అన్ని పుస్తకాలు చదివావు?"

"వసంతంలో పొంగుతుందని ఉంది."

"వ్యాను పోతే పోయింది, నువ్వు దిగి బయటికొచ్చెయ్. ఇంటికొచ్చెయ్ అక్కా. నీ గది అలాగే ఉంది, దుప్పటి కూడా మార్చి పెట్టాను."

అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. ఆ దుప్పటి మాటతో అది పోయింది. కేంద్రంలో నేను పనిచేసే అంతస్తులో ఆ వారమే ఇంకొందరికి జబ్బు బయటపడింది. వ్యాను పోతే నాకు పడుకోవడానికి మిగిలింది ఆ గదే. ఆ గోడకు అవతల నెలలు నిండిన సునీత.

"రాను" అన్నాను. "నువ్వు పిలిచినా రాను."

"అయితే ప్రార్థన చేస్తా" అంది, ఏడుపు ఆపుకుంటూ. "నువ్వు మాత్రం ముందు దిగు."

దిగాను. నీళ్లు మోకాళ్ల దాకా, చలి పళ్ల దాకా. పారతో చక్రం కింది ఇసుక తవ్వాను. నేను ఒక పార తీస్తే సముద్రం రెండు పారలు తెచ్చి పోస్తోంది. ప్రపంచమంతా ఒకరికొకరు రెండు మీటర్ల దూరం పాటిస్తుంటే ఇది మాత్రం నా నడుము పట్టుకు వేలాడుతోంది. అప్పుడు వినిపించింది ట్రాక్టరు.

తోలుతున్నది నోరా మేనల్లుడు కొలమ్. నాతో మాట్లాడిన వెంటనే ఆవిడ ఇంటికి పోయి, ట్రాక్టరులో డీజిల్ పోసి ఉంచమని అతనికి ఫోను చేసిందట. నా మాట తప్పని మాత్రం ఎవరూ అనలేదు. గొలుసు తగిలించి, హ్యాండ్ బ్రేక్ తీయమన్నాడు. పుస్తకం ప్రకారం ముందు చక్రాల ఎదుట చెక్కలు పరచాలని నేను మొదలుపెట్టాను. "బ్రేకు తీస్తే చాలు, గ్రాండ్‌గా ఉంటుంది" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఇక్కడ గ్రాండ్ అంటే 'అంతా సరిపోతుంది' అని. ఈసారి ఆ మర్యాదకు అర్థం నాకు తెలిసింది. తీశాను. వ్యాను ఒక మూలుగు మూలిగి, తలుపు సందుల్లోంచి నీళ్లు కక్కుతూ గడ్డి మీదికి ఎక్కింది.

ఆ తర్వాత చూసింది చెప్పడానికి నేను చదివిన పుస్తకాలేవీ పనికిరావు. ఒడ్డు మీద నోరా, కొలమ్, నేను దూరదూరంగా నిలబడి ఉన్నాం. ఎదురుగా సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు. వెనక కొండ మీంచి పున్నమి చంద్రుడు అంతే ఎర్రగా, అంతే పెద్దగా లేస్తున్నాడు. ఆ ఇద్దరి మధ్యా సముద్రం నిలబడి ఉంది. పాల గిన్నె అంచు దాకా పొంగి, పొర్లకుండా ఆగిపోతుందే, అలా. అల లేదు, చప్పుడు లేదు. నా ఊరంత ఇసుక ఎక్కడికి పోయిందో తెలియదు. నేను చిత్రాన్నం తిన్నచోట సూర్యుడు తేలుతున్నాడు. ఎక్కడో ఆకాశంలో ఉన్న చంద్రుడు ఇక్కడ ఇంత నీటిని లేపి నిలబెడుతున్నాడు, కొన్ని నెలలుగా మమ్మల్నందరినీ భయపెట్టి తలుపులు మూయించిన జబ్బుతో వాడికి పనే లేదు. నాకు భయమూ వేయలేదు, సిగ్గూ వేయలేదు. చేతులు జోడించుకున్నాను. కొలమ్ టోపీ తీశాడు. రోజూ చూసేవాడే.

చీకటి పడ్డాక నోరా చెప్పింది, ఈ స్ప్రింగ్‌కూ వసంతానికీ చుట్టరికం లేదని. ఇది ఎగిరి దూకడమనే స్ప్రింగ్. పున్నమికీ అమావాస్యకూ సముద్రం అలా లేచి దూకుతుంది, ఏడాది పొడుగునా నెలకు రెండుసార్లు. సెప్టెంబరులో, మార్చిలో అన్నిటికంటే ఎత్తుగా. నేను తల ఊపాను. బూటులోంచి ఒక చిన్న పీత దిగి, తన దారిన తను వెళ్లిపోయింది.

వ్యాను ఆరాలి కదా, ఇంటి వెనక పొలంలో పెట్టుకోమంది నోరా. కుళాయి ఉంది, గాలికి గోడ అడ్డం ఉంది. "స్ప్రింగ్ దాకా ఉండండి" అంది. ఎంత మంచి మనిషో. అప్పుడే సునీతకు ఫోను చేసి చెప్పాను, నాకు చోటు దొరికింది, దుప్పటి తీసెయ్ అని.

అమావాస్య రేపనగా సామాను సర్దుకున్నాను. పొయ్యి కడిగి, నీళ్ల డబ్బాలు కట్టి, వ్యానులోనే ఓళిగలు చేసి, డబ్బాలో పెట్టి నోరా గుమ్మంలో ఉంచి, వెనక్కి జరిగి నిలబడ్డాను. ఎక్కడికి పోవాలో తెలియదు, కానీ మాటంటే మాటే.

"సెలవు తీసుకుంటానండీ. చాలా మేలు చేశారు."

"ఎక్కడికి?"

"స్ప్రింగ్ రేపే కదా. అంతవరకే ఉండమన్నారు."

ఆవిడ సముద్రం వైపు చూసింది. నా వైపు చూసింది. "నేనన్నది డాఫోడిల్ పూలు పూసే స్ప్రింగ్ అమ్మా" అంది, గుమ్మం పట్టుకుని, నవ్వుకు ఊపిరాడక.

ఇందుమూలంగా సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నాతో స్ప్రింగ్ అంటే, అది పూలదా, నీళ్లదా, లేక మంచం పరుపులోదా అని అడిగి తేల్చుకోకుండా వ్యాను ఆపను, ఆపిన చోటునుంచి కదల్చను.