గాలి లేని చోట గాలిమర

డెబ్బైలలో చమురు ధరలు మండిపోయాక, గాలితో నీళ్లు తోడే మరను ప్రయోగంగా ఒకచోట నిలబెట్టమని మా ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను విజయవాడలో జూనియర్ ఇంజనీరును. చోటు వెతికే పని నాకు అప్పగించారు.

గాలివేగం కొలిచే పరికరం పట్టుకుని డెల్టా అంతా తిరిగాను. చివరికి సముద్రం దగ్గర ఒక ఊళ్లో, మిషన్ బడి వెనక ఇసుక దిబ్బ ఎక్కితే గాలి మనిషిని నిలబడనిచ్చేది కాదు. ఆ బడి హెడ్మిస్ట్రెస్ గారు పరికరాన్ని బడి కప్పు మీద పెట్టించి, వేసవంతా తామే కనిపెట్టుకుని చూశారు. ఊరికి మంచినీళ్ల బావి ఆ దిబ్బ మీదిదొక్కటే. ఆడపిల్లలు బడి మాని నీళ్లు చేదేవాళ్లు. మర వస్తే వాళ్లు తరగతిలో కూర్చుంటారని ఆవిడ ఆశ. ఇంతకంటే మంచి చోటు లేదని పైకి రాస్తానన్నాను. రాశాను.

మా పెద్ద ఇంజనీరు గారు సముద్రం వైపు కన్నెత్తి చూడలేదు. ఇసుకలో జీపు దిగబడుతుందట. ఉయ్యూరు దాటాక, రోడ్డు పక్కన, అతిథిగృహం ఎదురుగా చోటు ఖాయం చేశారు. మూడు వైపులా కొబ్బరితోట, నాలుగో వైపు చెరకు. ఇక్కడ ఆకు కూడా కదలదండీ అన్నాను. ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "గాలిదేముందయ్యా, ఎక్కడైనా వస్తుంది. మంత్రిగారి కారు రావొద్దూ?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఎంతగా తలలూపారంటే, ఆ ఊపుకే మర తిరిగి ఉండేది.

ప్రారంభోత్సవం నాడు రెక్కలు కదల్లేదు. తాడు కట్టి కూలీల చేత లాగిస్తే సగం చుట్టు తిరిగి ఆగింది. తొట్టిలో ముందే బిందెలతో నీళ్లు పోయించి ఉంచారు. మంత్రిగారు వాటిని దోసిట పట్టి, దేశం ముందుకు పోతోందన్నారు. తర్వాత కోడిపలావు వడ్డించారు.

బడి కప్పు మీది పరికరం వెనక్కి తెమ్మన్నారు ఆఫీసులో. వెళ్లి హెడ్మిస్ట్రెస్ గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "గాలేమో మా దగ్గరుందండీ, మరేమో మీరక్కడ పెట్టుకున్నారు. ఇంక ఈ పెట్టె తీసుకుపోదామనా వచ్చారు?" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ చర్చి పెద్దల వెంటపడి బావికి చేతిపంపు బిగింపించుకున్నారు. మా పెద్ద ఇంజనీరు గారు డెల్టాలో గాలి చాలదని పైకి రాసి, ప్రమోషన్ మీద హైదరాబాదు వెళ్లారు. అక్కడ ఆయనను గాలిమరలకు చోట్లు ఎంపిక చేసే కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు.