మరిచిపోని ఎలుకలు

మెదడులో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఒకటుంటుంది. నేర్చుకున్నదాన్ని మెల్లగా తుడిచేయడం దాని పని. దాన్ని తయారుచేసే జీన్ నోరు నొక్కేస్తే ఎలుకలు నేర్చుకున్నది మరిచిపోవు. రెండు వేల సంవత్సరం దాటాక, ఢిల్లీలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో, ఇది నేను కళ్ళారా చూశాను. నాలో కూడా ఆ జీన్ సరిగా పని చేయదనుకుంటాను. ఇన్నేళ్ళయినా ఒక మనిషి మీద నా కోపం వీసమెత్తు తగ్గలేదు.

అతను మా ల్యాబ్‌లో నా సీనియర్. మాది గుంటూరు, అతనిది తెనాలి పక్క. ఢిల్లీలో తెలుగు మాట వినపడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. అన్నా అని పిలిచేదాన్ని. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి వసంత్ కుంజ్‌లోని నా గది నుంచి బస్సులో మోసుకెళ్ళి మరీ పెట్టేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పని ఇదీ. పెద్ద గుండ్రటి తొట్టిలో నీళ్ళు పోసి, పాలపొడి కలిపి తెల్లగా చేయాలి. నీళ్ళలో కనపడకుండా చిన్న పీట ఉంటుంది. ఎలుక ఈదుకుంటూ దాన్ని వెతుక్కుని ఎక్కాలి. రోజూ వదిలితే దారి నేర్చుకుంటుంది. కొన్ని వారాలు ఆగి మళ్ళీ వదిలితే మామూలు ఎలుకలు దారి మరిచిపోయి చుట్టూ తిరుగుతాయి. జీన్ ఆపేసినవి తిన్నగా పీట దగ్గరికి పోతాయి. ఆ ఎండాకాలమంతా తడిసిన చున్నీతో, ఎలుకల కంపులో నేనొక్కదాన్నే చేశాను. అన్న ఒక్కసారి కూడా ఆ గదిలోకి తొంగి చూడలేదు.

ఫలితాలు బాగా వచ్చాయి. అదే సమయానికి అతనికి ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చింది. ల్యాబ్ నడిపే మా సార్ నన్ను పిలిచి, "తుమ్హారే పాస్ అభీ టైమ్ హై, బేటా" అంటూ, నీకింకా టైముందని బుజ్జగించి, జర్నల్‌కి పంపే పేపర్లో మొదటి పేరు అతనిది వేశారు. నన్ను చివర కృతజ్ఞతల్లోకి తోసేశారు. సెమినార్‌లో అతను నా ఎలుకల్ని స్క్రీన్ మీద చూపిస్తూ, ప్రతి ఎలుకనీ తానే స్వయంగా ఈదించానని చెప్పాడు. వెనక వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాను. నీ సంగతి చూస్తాను అని ఆ రోజే అనుకున్నాను.

కొత్త ఎలుకలతో మళ్ళీ చేసి చూపించమని జర్నల్ వాళ్ళు అడిగారు. అన్నకి తొట్టి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఒక్క ఎలుకా దారి నేర్చుకోలేదు. ఎందుకో నాకు తలుపు అద్దంలోంచి చూడగానే తెలిసిపోయింది. ఈదే ఎలుక ఒడ్డున నిలబడ్డ మనిషిని గుర్తుగా పెట్టుకుంటుంది. అందుకే నేనెప్పుడూ పంపు పక్క మూల నుంచి కదిలేదాన్ని కాదు. అతను సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ తొట్టి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. చెయ్యనీ అనుకుని నోరు మెదపలేదు.

అప్పుడతను సార్ దగ్గరికి వెళ్ళి, నేను అంకెలు కల్పించి రాసి ఉంటానన్నాడు. పేరు పోయింది చాలక దొంగనీ అయ్యాను. ఆ మాట నిలబడితే నా పీహెచ్‌డీ అక్కడితో సరి. నాకు ఏడుపు రాలేదు. కొత్త ఎలుకలు ఇప్పించండి, చివరి రోజు ల్యాబంతా వచ్చి చూడాలి అని సార్‌ని అడిగాను. ఈసారి కావాలనే పంపు మూల వదిలేసి, కిటికీ మూలలో నిలబడి ఎలుకలకి నేర్పాను.

ఆ రోజు అందరూ వచ్చారు. మామూలు ఎలుకలు దారి తెలియక తిరిగాయి. జీన్ ఆపేసినవి తిన్నగా పోయి పీట ఎక్కాయి. తర్వాత నేను ఎదురు మూలకి మారి, వాటిలో ఒకదాన్ని మళ్ళీ వదలమన్నాను. అది నన్ను నమ్ముకుని తప్పు వైపుకి ఈదింది. మనిషి నిలబడే చోటు ఎంత ముఖ్యమో అందరికీ అర్థమైంది.

అప్పుడు అందరికీ తెలిసేలా హిందీలోనే అడిగాను. "భయ్యా, మొదటిసారి ప్రతి ఎలుకనీ మీరే ఈదించానన్నారు కదా. మీరు ఎక్కడ నిలబడేవారు?"

అతను కాస్త కూడా తడుముకోకుండా, అంతకుముందు నేను నిలబడ్డ కిటికీ మూలే చూపించాడు.

మొదటి ఎలుకలప్పుడు ఆ మూలలో మనిషి పట్టే చోటే లేదు. గోడకి ఆనించి పెద్ద ఫ్రీజర్ ఉండేది. దాన్ని అక్కడ పెట్టించిందీ, తర్వాత వరండాలోకి మార్పించిందీ సారే.

సార్ ఆ మూల వైపు చూశారు, తర్వాత అతని వైపు చూశారు. "తుమ్ యహా కభీ ఆయే భీ థే?" అన్నారు నెమ్మదిగా. నువ్వసలు ఇక్కడికి ఎప్పుడైనా వచ్చావా అని.

అతను తల దించుకున్నాడు. మిగతా వాళ్ళు మొహమాటంతో చూపులు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు.