నాయనమ్మ డేరా గృహప్రవేశం

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడెవరైనా ఏదైనా అడిగితే "పుస్తకం చూసి చెప్తానండీ" అంటాను. అప్పుడు మాత్రం ఎదుటివాళ్ల ప్రశ్న సగంలో ఉండగానే నా జవాబు పూర్తయిపోయేది. ఇందులో తప్పంతా నాది కాదు. పరీక్ష పాసైన మర్నాటి నుంచే అమ్మ చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో బెండకాయలు విరిచి చూస్తూ "మా పిల్ల వకీలు" అని కనబడినవాళ్లందరికీ చెప్పేది. సంచిలో కొత్తిమీరతో పాటు ఎవరివో కోర్టు తగాదాలు కూడా ఇంటికి మోసుకొచ్చేది. నారాయణగూడలో ఒక బేకరీ మేడమీద ఉండే మా సీనియర్ సారు ఆఫీసులో నా అసలు పని ఫైళ్లకు దారాలు కట్టడమూ, వాయిదా తేదీలు డైరీలోకి ఎక్కించడమూ అని ఇంట్లో ఒప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. అలాంటి నా దగ్గరికి మొట్టమొదటి కక్షిదారు వచ్చింది. ఆమె మా నాయనమ్మ.

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మాకొక పాత పెంకుటిల్లు ఉండేది. కాగితాలు నాయనమ్మ పేరు మీద ఉన్నాయి. వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేలమీదికి వచ్చేవి. దాన్ని తీసేసి మేడ కట్టాలని బాపు చాలా ఏళ్లుగా అనుకుంటూ, ఒక ఏడాది చివరికి తెగించాడు. అర్జీ పెట్టి అనుమతి వచ్చాక ఇల్లు విప్పడం పద్ధతి. కానీ ఇంతలో పంతులుగారు పంచాంగం మడిచి, మూఢం వస్తోంది, చేసే పనేదో బేస్తవారం లోపల మొదలుపెట్టాలి, తర్వాత మూడు నెలల దాకా మంచిరోజు లేదు అన్నారు. మొదలుపెట్టడానికి మా దగ్గర విప్పడం తప్ప వేరే పనేదీ లేదు. దాంతో అనుమతి కాగితం ఇంకా మున్సిపల్ ఆఫీసులో ఉండగానే మా ఇల్లు నేలమీదికి వచ్చింది. (ఇల్లు కట్టడానికి ముహూర్తం చూసేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. ఇల్లు లేకుండా పోవడానికి ముహూర్తం పెట్టించుకున్నది మా బాపు ఒక్కడే అనుకుంటాను.) సామానంతా చిక్కడపల్లిలో కిరాయికి తీసుకున్న రెండు గదుల్లోకి చేరింది. నాయనమ్మ చేరలేదు.

ఆవిడ విప్పిన ఇంటి మధ్యలో రుబ్బురోలు మీద కూర్చుని, నేనెక్కడికీ రాను, ఈ జాగాలోనే ఉంటాను అంది. బాపు బతిమాలాడు, అమ్మ కోప్పడింది, పక్కింటి పెద్దమ్మ మధ్యవర్తిత్వం చేసి ఓడిపోయింది. చివరికి నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "బిడ్డా, నువ్వు వకీలువు గద. నా జాగల నేను డేరా ఏసుకొని ఉంటే కానూన్ ఏమన్న అంటదా?" అని అడిగింది. జీవితంలో నాకెదురైన మొదటి న్యాయప్రశ్న అది. "ఏమీ అనదు" అని వెంటనే చెప్పేశాను. మర్నాడు మా సారును అడిగితే ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, అట్ల ఒక్క ముక్కలో చెప్పేది కాదు, ఏం వేశారు, ఎన్ని రోజులకు వేశారు, నేలలోకి దిగిందా లేదా, అవన్నీ చూస్తారు, ముందు పోయి నీ అర్జీలో ఏం రాశావో చూసుకో అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. అర్జీ రాసింది నేనే. ఇల్లు ఎలాగూ విప్పేస్తాం కదా అని, నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'స్థలము పూర్తిగా ఖాళీగా ఉన్నది' అని రాసి, కింద గీత కూడా గీశాను. చూడటానికి వచ్చిన వాళ్లకు స్థలం ఖాళీగా కనబడకపోతే అర్జీ అబద్ధమై, ఫైలు వెనక్కి వచ్చి, మేము మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ లోపల వానాకాలం వచ్చేస్తుంది. జాగా దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

పాలమూరు నుంచి వచ్చిన మా మేస్త్రి, ఆయన భార్య ఇసుక, ఇటుకల కాపలాకు ఎలాగూ ఒక చిన్న డేరా వేసుకున్నారు. దాని పక్కనే నాయనమ్మకు ఇంకొకటి, వెదురు గుంజలు, నీలం పరదాతో, మేస్త్రి ముచ్చటగా వేసిపెట్టాడు. నాయనమ్మ దానికి మామిడాకుల తోరణం కట్టింది. ముందర ముగ్గేసింది. పాత ఇంటి నంబరు రేకు వెదకి తీయించి గుంజకు కొట్టించింది. లోపల తాత ఫొటో, రంగు డబ్బాలో తులసి మొక్క. అక్కడితో ఆగినా బాగుండేది. మూఢం ముందు మిగిలిన ఆ ఒక్క బేస్తవారం పొద్దున సందులో ఆడవాళ్లందరినీ బొట్టుపెట్టి పిలిచి, మూడు ఇటుకల పొయ్యి మీద పాలు పొంగించింది. అంటే డేరాకు గృహప్రవేశం చేసేసింది. నేను వెళ్లేసరికి మేస్త్రి భార్య అందరికీ పరమాన్నం పంచుతోంది. నాకూ ఒక దొన్నె ఇచ్చింది. న్యాయశాస్త్రం తెలిసినదాన్ని కాబట్టి ఏడవలేక, తిన్నాను. చాలా బాగుంది.

ఆ తర్వాతి మూడు వారాలూ మా నాయనమ్మ జీవితంలోకెల్లా సందడిగా గడిచాయి. అశోక్‌నగర్‌లో డేరా అంటే ఉద్యోగాల కోసం చదివే పిల్లల దీక్ష అనే అందరికీ అలవాటు. రెండో రోజే నలుగురు కుర్రాళ్లు పుస్తకాల సంచులతో వచ్చి, "అమ్మా, ఏ నోటిఫికేషన్ కోసం కూసున్నరు?" అని వినయంగా అడిగి, మద్దతుగా చాప మీద కూర్చున్నారట. నాయనమ్మ వాళ్లకు వేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేసరికి, ఇది నిరాహార దీక్ష కాదని వాళ్లకు అర్థమైంది. అయినా లేవలేదు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి అక్కడే చదువుకునేవారు. నేను కూడా ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లి ఆవిడ పక్కన చాప మీద పడుకునేదాన్ని. పగలు నాయనమ్మ కేసు ఎలా గెలవాలా అని పుస్తకాలు తిరగేస్తూ, సాయంత్రం నేనే ఆ నేరంలో భాగస్థురాలినవుతున్నానన్నది నాకు తట్టలేదు.

తనిఖీకి వస్తున్నామని కబురు రాగానే నా దగ్గర ఒక ఉపాయం తయారైంది. కట్టే చోట కాపలావాళ్లు డేరాలో ఉండటం మామూలే, మేస్త్రి డేరాను ఎవరూ ఏమీ అనరు. కాబట్టి నాయనమ్మను కూడా కాపలామనిషని చెప్పేస్తే సరి. బాపు ఆ తెలివికి పొంగిపోయి, చదివించినందుకు ఫలితం దక్కిందన్నాడు. నాయనమ్మకు పదిసార్లు నేర్పించాను, సారు అడిగితే 'నేను కావలి ఉంటున్న' అని ఒక్క మాట అను చాలు అని. ఆవిడ ఏమీ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను. (నాయనమ్మ మౌనానికి ఒప్పుకోవడం అనే అర్థం ఎప్పుడూ లేదు. తాతకు తెలిసే ఉంటుంది గానీ, ఆయన మాకెవరికీ చెప్పకుండానే వెళ్లిపోయాడు.)

మున్సిపల్ ఆఫీసులో స్థలాలు కొలిచే మనిషిని చైన్‌మన్ అంటారు. చేతిలో ఉండేది టేపే అయినా పేరు మాత్రం గొలుసుతో కొలిచిన రోజుల నాటిదే. మాకొచ్చినాయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి. మేం ఆయనకు టేపు సారు అని పేరు పెట్టుకున్నాం. ఎండ మండిపోతున్న ఆ పదకొండు గంటల వేళ నేను నల్లకోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ, ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన తోరణం చూశాడు, ముగ్గు చూశాడు, గుంజకున్న ఇంటి నంబరు చదివి చేతిలోని కాగితంతో సరిచూసుకున్నాడు. రెండూ ఒకటే.

"ఖాళీ అని రాసిన్రు గదమ్మా. మరి ఈ ఇల్లేంది?"

"ఇది ఇల్లు కాదు సార్, సైటు కావలి డేరా. ఆమె మా వాచ్‌మన్" అన్నాను.

ఆయన మా వాచ్‌మన్ వైపు చూశాడు. పెద్ద సారు వస్తున్నాడని నాయనమ్మ ఆరోజు బీరువా చీర, జరీ అంచుది, తెప్పించుకుని కట్టుకుంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. ఆవిడ నావైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అందులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది.

"నా ఇంటికి నేను కావలిదాన్నా బిడ్డా?" అని నన్ను అడిగి, ఆయనకు పీట వేసింది. "కూసో నాయినా. ఇది ఇల్లే. మూఢం రాకముందే పాలు గూడ పొంగిచ్చిన. పెండ్లయినంక ఆయన నన్ను పాలమూరు నుంచి తోల్కొచ్చి, గిదే జాగల గిట్లనే డేరా ఏసిండు. నీళ్లకు కవాడిగూడ దాక పోయేదాన్ని. ఒక్కొక్క గోడ లేపంగ నేను మట్టి మోసిన. ఇప్పుడు ఇల్లు ఇప్పిన్రు, ఇప్పుకోనీ, పాతదైంది. గని జాగ ఖాళీ అని ఎట్ల రాస్తరు? నేనీడ ఉన్న గద. నేను ఉండంగ ఖాళీ ఎట్లయితది?"

బాపు ఇటుకల కుప్ప మీద కూర్చుండిపోయాడు. తాతా నాయనమ్మా డేరాలో కాపురం మొదలుపెట్టారని ఆయనకు కూడా అప్పటిదాకా తెలియదట. నాకైతే సిగ్గేసింది. మూడు వారాలు ఆవిడ పక్కన పడుకుని, ఈ జాగా ఎందుకు వదలవు అని ఒక్కసారైనా అడగలేదు. అడగకుండానే వాదించడానికి కోటు తొడుక్కొచ్చాను. ఇక ఫైలు పోయినట్టే, ఇల్లు లేనట్టే అనుకున్నాను. అయినా ఆ క్షణంలో ఆవిడ చేత అబద్ధం చెప్పించలేకపోయినందుకు నాకు దిగులు కలగలేదు.

టేపు సారు వంగి గుంజల మొదళ్లు చూశాడు. తర్వాత మేస్త్రిని పిలిచి, గుంజలు ఎంత లోతుకు పాతారని అడిగాడు. పాతలేదు సారూ, ఇటుకల సందుల్లో నిలబెట్టిన అంతే అన్నాడు మేస్త్రి. నిజమా కాదా అని సారు మూల గుంజను పట్టుకుని కొద్దిగా పైకి లేపాడు. అది ఆయన అనుకున్నదానికన్నా సులువుగా వచ్చేసింది. దాంతోపాటు ఇంకో రెండు గుంజలు, తోరణం, నంబరు రేకు, నీలం పరదా మొత్తం వచ్చి నా నల్లకోటు మీద, నా ఫైలు మీద, నా మీద కూలబడ్డాయి. చీకట్లో చేతులాడిస్తుంటే పక్కనే నాయనమ్మ గొంతు మామూలుగా వినిపించింది. "ఇప్పటికన్న లోపటికి వచ్చినవు. చాయ్ తాగు."

పరదా ఎత్తేసరికి టేపు సారు తానే గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రి మళ్లీ ఇటుకలు సర్దేదాకా ఆయన దాన్ని వదల్లేదు. "పీకితే వచ్చింది. ఇది కట్టడం కాదు" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. పీట మీద కూర్చుని చాయ్ తాగాడు. అనుమతి వచ్చేదాకా గుంత తవ్వొద్దని, సిమెంటు ముట్టుకోవద్దని బాపుకు గట్టిగా చెప్పాడు. పోతూ పోతూ నాయనమ్మ వైపు తిరిగి, "నువ్వు ఉండు తల్లీ" అన్నాడు.

ఇంకో పదిహేను రోజులకు అనుమతి వచ్చింది. ఫైలులో ఆయన రిపోర్టు కూడా ఉంది. మూడే వాక్యాలు. 'స్థలము ఖాళీగా ఉన్నది. కట్టడమేమియూ లేదు. యజమానురాలు స్థలములో కూర్చుని ఉన్నారు.' నేను రాసిన అర్జీ నాలుగు పేజీలు. అందులో లేనిది ఆ మూడో వాక్యమే. నాయనమ్మకు చదివి వినిపిస్తే శ్రద్ధగా విని, "గంతే గద నేనన్నది" అంది.

మేడ లేచింది. గృహప్రవేశానికి పంతులుగారు వచ్చి పాలగిన్నె అడిగితే నాయనమ్మ ఇవ్వలేదు. ఒక్క ఇంటికి ఎన్నిసార్లు పొంగిస్తారు, ఆ రోజే పొంగినాయి అంది. ఎవరు చెప్పినా వినలేదు. అందుకే ఇప్పటికీ మా ఇంటికి జరిగిన గృహప్రవేశం ఆ డేరాకు జరిగిందే. కొత్త వంటింట్లో ఆరేళ్లు ఆవిడ రొట్టెలు చేసింది. పరీక్ష పాసైన కుర్రాళ్లలో ఒకరిద్దరు మిఠాయి డబ్బాలతో వెదుక్కుంటూ వచ్చారు. తర్వాత ఒక పొద్దున నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు నారాయణగూడ ఆఫీసు నాదే. బేకరీ వాసన అలాగే వస్తుంది. మొన్న ఒక చిన్న జంట వచ్చి, రాంనగర్‌లో మా ప్లాటుంది మేడమ్, పర్మిషన్ వచ్చేదాకా మా జాగాలో మేం డేరా వేసుకుని ఉండొచ్చా అని అడిగారు. నవ్వొచ్చింది. పుస్తకం చూసి చెప్తానన్నాను. ఈలోపు అర్జీలో మాత్రం ఖాళీ అన్న మాట కింద గీత గీయొద్దన్నాను.

డేరా వేసిన చోటు ఇప్పుడు మేడ కింద బళ్లు పెట్టుకునే జాగా. మూడు ఇటుకల పొయ్యి ఉన్న మూల దగ్గర నేను స్కూటర్ పెట్టను, ఎండలో పక్కకు పెడతాను. అంత చోటు ఖాళీగా ఉంచుకుని సీటు ఎందుకు కాల్చుకుంటారు మేడమ్ అని పైన కిరాయికి ఉండేవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. ప్లాను కాగితంలో ఆ చోటు ఖాళీ అనే ఉంటుంది. యజమానురాలు అందులో కూర్చుని ఉన్నారు.